మంద్రంలో మొదలైన మొర

తంబురా లేదు, మృదంగం లేదు, ఆర్గన్ సరేసరి! ఉక్రెయిన్ ఆర్థడాక్స్ చర్చి ఆరాధనలో వాద్యానికి చోటు లేదు. దేవుడి ముందు నిలిచేది మనిషి గొంతు ఒక్కటే. అందుకే అక్కడ శ్రుతీ గొంతే, లయా గొంతే. అడుగున బాస్ గాయకులు అనుమంద్రంలో నాదాన్ని పరిచి పట్టుకుంటారు. ఒకరు ఊపిరి తీసుకునే క్షణాన పక్కవారు మోస్తారు; ఎక్కడా అతుకు కనబడదు. దాని మీద పై గొంతులు ఒక్కొక్కటే లేస్తుంటే, ఆహా, వినేవాడి రొమ్ము కూడా గోపురమై మోగుతుంది!

కీవ్ గుహల మఠంలో సన్యాసులు తరతరాలుగా పాడుకున్న ఏకస్వర స్తోత్రాలు ఒకవైపు, పదిహేడో శతాబ్దంలో వికసించిన బహుగళ గానం మరోవైపు. ఈ వారసత్వంలోంచే వచ్చాడు స్వరకర్త మక్సీమ్ బెరెజోవ్‌స్కీ. ఇటలీలోని బొలోన్యాలో సంగీత గురువు పాద్రే మార్తీని దగ్గర చదువుకున్నవాడు. ‘వృద్ధాప్యంలో నన్ను తోసివేయకు’ అన్న ఆయన కన్సర్టోకు, అంటే వాద్యాల్లేని బృందగాన కృతికి, ఆధారం బైబిల్లోని 71వ కీర్తన. బాస్ గొంతులు ముందు అందుకుంటాయి. తొందర లేదు, తళుకు లేదు. గోడ పట్టుకుని నడిచే ముసలి అడుగుల్లాంటి స్వరాలు. ఆ మొరను మిగతా గొంతులూ వంతులవారీగా ఎత్తుకుంటాయి. ఒక ముసలివాడి విన్నపం చూస్తుండగానే ఊరందరి విన్నపమవుతుంది! ఇంతలో కీర్తనలోని శత్రువుల వేట: గొంతులు గొంతుల్ని తరుముతాయి. ఆ వెంటనే, దూరం కావద్దన్న నెమ్మది ప్రార్థన. ఇక్కడ కాస్త ఆగండి, ఈ కాసేపటి కోసమే కన్సర్టో అంతా విన్నా నష్టం లేదు. గొంతులు ఒకే వరుసను వంతులుగా అందుకునే చివరి ఫ్యూగ్‌లో కరుణ రౌద్రంగా మారుతుంది, అయినా కన్నీటి తడి ఆరదు. 1777లో, నలభై నిండకుండానే పోయిన మనిషి వార్ధక్యాన్ని ఎక్కడ చూసి నేర్చాడో!

బోర్త్‌నియాన్‌స్కీ అనే మరో స్వరకర్త రష్యా రాజాస్థానపు మనిషి. నాలుగు గొంతుల కన్సర్టోలే ముప్ఫై అయిదు రాశాడు. అన్నీ సొగసే, కొన్నిచోట్ల మరీ నునుపు. నా పక్షపాతం అర్తెమీ వెదెల్ అనే స్వరకర్త మీద. 1799లో ఆయన్ని బంధించి కీవ్ పిచ్చాసుపత్రిలో పెట్టారు, 1808లో కన్నుమూశాడు. అచ్చుకు నోచని ఆయన కృతులు చేతిరాత ప్రతులుగానే గాయకుల మధ్య తిరిగాయి. పశ్చాత్తాప ద్వారాలు తెరవమని వేడుకునే ఆయన స్తోత్రంలో మగ గొంతులు మూడు, ఒకదాన్నొకటి ఓదారుస్తూ, ఒరుసుకుంటూ సాగుతాయి. బోర్త్‌నియాన్‌స్కీ మెరుగంతా ఒక పళ్లెంలో, ఈ మూడు గొంతులు మరో పళ్లెంలో పెట్టి ఎంచుకోమంటే, నేను క్షణం తడుముకోను.