గీత దాటాక కూడా తొక్కాలి

మొన్న ఆదివారం పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌కి, అంటే సైకిల్ రేసుల ట్రాక్‌కి, కొత్తగా ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి వచ్చింది. ట్రాక్ సైకిల్ ముందు నిలబడి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసి, "బ్రేకులేవి సార్?" అంది.

"ఉండవమ్మా."

"మరి ఆగుడెట్ల?"

ట్రాక్ మీదకి వచ్చేవాళ్లకి నేను నేర్పే మొదటి పాఠం ఆ ప్రశ్నకు జవాబే. ఈ సైకిల్‌కి బ్రేకులే కాదు, ఫ్రీవీల్ కూడా ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది, దాంతోపాటు కాళ్లూ తిరగాలి. రోడ్డు మీద అలసిపోతే తొక్కడం ఆపి బండిని దాని దారిన పోనిస్తాం. ఇక్కడ ఆ పని చేస్తే పెడల్ మనిషిని సీటు మీంచి ఎత్తి పడేస్తుంది.

నా మొదటి రేసు అలాగే ముగిసింది. గుంపులో పది రౌండ్లు బాగానే తొక్కాను. ఫినిష్ గీత దాటాను, అయిపోయిందనుకున్నాను, కాళ్లు వాటంతటవే ఆగాయి. మరుక్షణం సిమెంటు మీద ఉన్నాను. నా కాలర్ బోన్ ఆరు వారాల్లో అతుక్కుంది. నా వెనకే వస్తూ నన్ను గుద్దుకుని పడ్డ కుర్రాడు మాత్రం మళ్లీ ట్రాక్ ఎక్కలేదు. ఆ రోజు నిర్వాహకులు మాకు నంబర్లిచ్చారు, పిన్నులిచ్చారు. గీత దాటాక కూడా తొక్కాలన్న ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రాడి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే ఆదివారాలు ఇక్కడికి వస్తున్నాను.

వేగం తగ్గించడానికి ట్రాక్ వాలే సాయం చేస్తుంది. కొంచెం పైకి ఎక్కితే బండి నెమ్మదిస్తుంది. తిరుగుతున్న పెడల్‌ని కాలితో మెల్లగా ఎదిరిస్తే ఇంకా తగ్గుతుంది. రెండు రౌండ్లు అలా తిరిగి, తిన్నగా ఉన్న వైపు వచ్చి రెయిలింగ్ పట్టుకోవాలి. ఇది పదిసార్లు తడబడకుండా చేసేదాకా ఎవరినీ ఇంకొకరి పక్కన తొక్కనివ్వను.

ఎక్కే ముందు బండి చూడాలి. చైన్ మధ్యలో వేలితో నొక్కితే కొద్దిగా కదలాలి, వేలాడకూడదు. పెడల్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి, ఎందుకంటే ఒకచోట బిగుతుగా ఉన్న చైన్ ఇంకోచోట వదులవుతుంది. హ్యాండిల్ చివర్ల మూతలు ఉన్నాయో లేదో తడమాలి. పడ్డప్పుడు మూత లేని గొట్టం ఒంట్లో దిగుతుంది. ఆ అమ్మాయి బూటు లేసు చివర ఒకటి వేలాడుతోంది. వంగి, దాన్ని బూటులోకి దోపాను. ఆ లేసు చైన్‌లో పడితే కాలిని కూడా లాక్కుపోతుంది.

తర్వాత గీతలు. లోపలి అంచుకి 20 సెంటీమీటర్ల దూరంలో నల్ల గీత, ట్రాక్ పొడవు కొలిచేది దాని మీదే. 85 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత. ఇంకా పైన నీలం గీత. మెల్లగా తిరిగేవాళ్లు నీలం గీత పైన ఉండాలి, కింద వేగంగా వచ్చేవాళ్లకి దారి వదలాలి. దాటేది కుడివైపు నుంచే, ఈ ఒక్క విషయంలో మన రోడ్డు అలవాటు పనికొస్తుంది.

పైకి జరిగే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. తల తిరిగితే చేతులూ తిరుగుతాయి, బండి పక్కకి లాగుతుంది. అందుకని నేను వెనక నిలబడి వేళ్లు చూపిస్తాను. గీత తప్పకుండా ఎన్ని వేళ్లో చెప్పాలి. ముందువాళ్ల వెనక చక్రం పక్కకి నీ ముందు చక్రం చేరిందంటే ప్రమాదం నీకే, తగిలితే పడేది వెనకవాళ్లే. ముందు ఎవరైనా పడితే పైనుంచి వెళ్లాలి, పడ్డవాళ్లు వాలున కిందికే జారతారు.

వాలు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకి కట్టిన 250 మీటర్ల చెక్క ట్రాక్ మలుపులు గోడల్లా లేచి ఉంటాయి. నిదానమే ప్రధానం అనుకున్నవాళ్లు అక్కడ జారిపోతారు, టైరు పట్టు నిలవాలంటే వేగం కావాలి. ఆ ట్రాక్ మీద సాధన చేసిన మన కుర్రాళ్లు 2019లో జర్మనీలో జూనియర్ ప్రపంచ టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచారు. ఇలాంటి పతకాలు చూసి పిల్లలు వస్తారు. వచ్చినవాళ్లని మొదటివారమే ఎలిమినేషన్ రేసులో దింపడం నాకు సుతరామూ ఇష్టం ఉండదు. అందులో ప్రతిసారీ చివరివాళ్లు బయటికి పోవాలి కాబట్టి గుంపు తోకలో తోపులాట తప్పదు. మొదటి రేసుకి సమఉజ్జీలు అయిదారుగురు, పది రౌండ్ల స్క్రాచ్ రేసు చాలు, అందరూ కలిసి బయల్దేరతారు, గీత ముందు దాటినవాళ్లదే గెలుపు.

ఈ ఆదివారం ఆ అమ్మాయికి అలాంటి రేసే పెట్టాం. సీటు పట్టుకుని నిలబెట్టింది నేనే. చిన్నప్పుడు అద్దె సైకిల్ నేర్పుతూ మా అన్నయ్య పట్టుకున్నట్టే పట్టుకున్నాను, తొయ్యకుండా వదిలాను. అయిదో స్థానంలో గీత దాటింది. నా చూపు ఆమె కాళ్ల మీదే ఉంది. అవి ఆగలేదు. కుడి భుజం మీదుగా ఒకసారి చూసి, నీలం గీత పైకి ఎక్కి, ఇంకో రెండు రౌండ్లు తిరిగొచ్చి రెయిలింగ్ పట్టుకుంది.

"ఇంకో రేసు ఉందా సార్?" అంది, ఊపిరి అందకుండానే.