ఆకుపచ్చ సిరా - అయిదు కాగితాలు

పుస్తకాల మీద సమీక్షలొస్తాయి, సినిమాల మీద వస్తాయి. పట్టుచీరల జరీ మీదయితే ప్రతి పేరంటంలోనూ కావలసినంత విమర్శ జరుగుతుంది. సిరా మీద మాత్రం ఎవరూ కలం కదపరు. అంచేత ఆ పని నేనే నెత్తినేసుకున్నాను. సమీక్షకు తీసుకున్నది ఒక సీసాడు ఆకుపచ్చ సిరా.

ఆకుపచ్చ సిరా అనగానే మనకి గెజిటెడ్ ఆఫీసరుగారి సంతకం గుర్తొస్తుంది. ఆ పచ్చటి గీత కోసం సర్టిఫికెట్ నకళ్ళు పట్టుకుని వరండాల్లో కాళ్ళు పీకేలా నిలబడ్డ తరం మనది. కేంద్ర సచివాలయం వారి నియమావళి ప్రకారం జాయింట్ సెక్రటరీ, ఆపై హోదాల వాళ్ళు మాత్రమే, అదీ అరుదుగా, ఆకుపచ్చో ఎరుపో వాడొచ్చట! ఇంగ్లండులో 1909లో ఏర్పడ్డ గూఢచారి శాఖకి మొదటి అధిపతి అయిన కమింగ్ ఆకుపచ్చ సిరాతోనే సంతకం చేసేవాడు. ఆయన తర్వాతి అధిపతులూ ఆ ఆచారం వదల్లేదు. 1971లో నోబెల్ బహుమతి పొందిన చిలీ కవి పాబ్లో నెరూడాకీ ఈ రంగంటేనే ఇష్టం. అధికారులయ్యారు, గూఢచారులయ్యారు, కవులయ్యారు. ఇక ఇల్లాలి వంతు రావద్దూ?

అంగట్లో సిరా చూపించేటప్పుడు నున్నటి తెల్లకాగితం మీద గీసి చూపిస్తారు. బాగానే ఉంటుంది. కానీ మనం రాసే కాగితం అదేనా? అందుకని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ రాతకి నిజంగా దొరికే కాగితాలు పోగేశాను. కలం రాజమండ్రిది. గాంధీగారు 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన రత్నం పెన్నుల ఊరు అదే కదా. అన్నిటి మీదా రాసింది ఒకటే వాక్యం: ఆవకాయ కొలతలు.

మొదటిది ఆఫీసు పనులకి తెచ్చుకునే బాండు కాగితం. దీని మీద సిరా రాణించింది. గీత మొదట్లో లేత చివురు రంగు, పాళీ ఆగినచోట ముదురు కరివేపాకు రంగు. అక్షరం అంచులు కత్తితో కోసినట్టున్నాయి. రెండోది పిల్లల రూళ్ళ నోటుబుక్కు. ముందువైపు ఫరవాలేదు గానీ, రాసింది వెనకవైపుకి కనబడుతోంది. పేజీకి ఒక పక్కే పనికొస్తుంది. మూడోది క్యాలెండరు వెనక. నున్నటి కాగితం కాబట్టి రంగు భలేగా మెరిసింది, కానీ ఎంతసేపటికీ ఆరదు. చెయ్యి తగిలితే చాలు, ఆవపిండి కాస్తా కారంలో కలిసిపోయింది.

నాలుగోది శుభలేఖ కవరు. పైన నునుపు, లోపల గరుకు. ఒకే వాక్యం బయట ఒకలా, లోపల ఒకలా కనిపించింది, కొందరు చుట్టాల్లాగే! అయిదోది వార్తాపత్రిక అంచు. ఇక్కడ సిరా చేతులెత్తేసింది. ప్రతి గీతకీ నూగు మొలిచింది. ‘థ’లో చుక్క కరిగిపోయి అది ‘థ’యో ‘ద’యో తెలియకుండా పోయింది. 3 కాస్తా 8లా తయారైంది. ఉప్పు కొలతలో ఆ తేడా వస్తే ఏడాది ఆవకాయ ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. రాసుకునే కాగితానికి, చీరకి గంజి పెట్టినట్టు, తయారీలోనే గంజిలాంటి పదార్థం పట్టిస్తారు. అది సిరాని పైనే నిలబెడుతుంది. వార్తాపత్రిక కాగితానికి ఆ అవసరం అంతగా లేదు. అచ్చు సిరా జిడ్డుగా, చిక్కగా ఉంటుంది కనుక అంతగా పాకదు. మన పెన్ను సిరా నీళ్ళలాంటిది, దారి దొరికితే పోతూనే ఉంటుంది.

సిరాలో లోపం లేదనను. ఆరిన రాత మీద నీటిచుక్క వేస్తే బాండు కాగితం మీద కూడా పచ్చటి మరకే మిగిలింది. వార్తాపత్రిక మీదయితే రంగు కాస్తా విడిపోయి ఒక అంచున నీలం, ఇంకో అంచున పసుపు తేలాయి. రెండు రంగులు కలిపి చేసిన పచ్చదనమన్నమాట. మన పెద్దవాళ్ళు కరక్కాయలూ అన్నభేదీ కలిపి కాచుకున్న సిరా ఇలా కాదు. అన్నభేదీ చూడ్డానికి లేతపచ్చ స్ఫటికమే, కానీ కరక్కాయ రసంతో కలిస్తే నల్లబడి కాగితాన్ని పట్టుకునేది. ఈ సీసాలో ఉన్నది అందానికి పుట్టిన పచ్చ, పట్టుదల తక్కువ.

ఇంతకీ నాకు పట్టుకున్న ఆలోచన వేరు. బాండు కాగితం ఆయన ఆఫీసుకి. కొత్త నోటుబుక్కు పిల్లల బడికి. పాల లెక్క, చాకలి పద్దు, అత్తగారు చెప్పిన కొలతలు, ఎప్పుడైనా మనసులోంచి వచ్చిన నాలుగు ముక్కలు - ఇవన్నీ క్యాలెండరు వెనకా, కవర్ల మీదా, పేపరు అంచునా. ఆనక ఇంట్లోవాళ్ళు ఆ కాగితం చూసి ‘అమ్మ రాత కోడి కెలికినట్టుంటుంది’ అంటారు. అదే చెయ్యి, అదే కలం, అదే సిరా బాండు కాగితం మీద ముత్యాల్లా కుదిరిందని ఎవరికి తెలుసు? మనకైనా తెలుసా?

కాబట్టి నా తీర్పు ఇది. అక్కచెల్లెళ్ళకి ఉత్తరం రాయడానికి, పుస్తకం మొదటి పేజీలో పేరు రాసుకోవడానికి ఆకుపచ్చ సిరాని మించింది లేదు. వంటింటి లెక్కలకి వద్దు. అక్కడ తడిచెయ్యి తగలక మానదు, పెన్సిలే నయం. సిరా కొన్నా కొనకపోయినా, ఈసారి బజారుకెళ్ళినప్పుడు మందపాటి కాగితంతో కుట్టిన నోటుబుక్కు ఒకటి తెచ్చుకోండి. ఎవరికమ్మా అని షాపువాడడిగితే, పిల్లలకని మాత్రం చెప్పకండి.