పాల డబ్బులు, టిఫిన్ డబ్బా, ఒక సినిమా టికెట్టు

2024 సెప్టెంబరులో శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి ఫొటోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. నటులు అదితి రావు హైదరీ, సిద్ధార్థ్ అక్కడ పెళ్లి చేసుకున్నారు. ఆ గుడి కట్టించింది వనపర్తి సంస్థానాధీశులు. అదితి ఆ వంశానికి చెందిన జె. రామేశ్వరరావు గారి కూతురి కూతురు. ఆ లెక్కన అది ఆమెకు తాతల గుడి. మా అమ్మకు పుట్టినూరి గుడి. ఫొటోలు చూస్తూ మా పెద్దమ్మ, "సిన్మోళ్లు మన గుడికాడికి ఎంత అల్కగ వచ్చిండ్రు! మనం సిన్మకు పోనీకె ఎన్ని తిప్పలు పడితిమో" అంది.

అందరం నవ్వేశాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రోజుల్లోనే నేను పాత సినిమా హాళ్ల జ్ఞాపకాల మీద మన పత్రికల్లో వచ్చిన వ్యాసాలు వరసపెట్టి చదువుతున్నాను. ఇప్పుడదొక ప్రక్రియే అయిపోయింది. హాలు మూతపడుతుంది, లేదా ఫంక్షన్ హాలవుతుంది. ఆ ఊరి నుంచి వెళ్లిపోయి యాభై ఏళ్లు దాటిన ఒక రచయిత దాని మీద వ్యాసం రాస్తాడు. మొదటి వాక్యంలోనే హాలు పేరు, రెండో వాక్యంలో యజమాని పేరు. తర్వాత నేల టికెట్టు, ముందువాడి తల అడ్డం రాకుండా ఇసుక కుప్ప చేసుకుని కూర్చోవడం, రీలు తెగితే ఈలలు, ఇంటర్వెల్లో గోలీసోడా, రిక్షా మీద మైకు, వెనక పరిగెత్తి ఏరుకున్న రంగు కాగితాలు, ఆట మొదలవబోతోందని చెప్పే ఘంటసాల భక్తిపాట. నాకు ఈ వ్యాసాలంటే ఇష్టం లేకపోలేదు. ఇసుక కుప్ప దగ్గరికి వచ్చేసరికి నేనూ కరిగిపోతాను, నేనెప్పుడూ ఇసుక మీద కూర్చోకపోయినా.

అయితే వాటన్నిటిలో ఒక వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది. అమ్మ పోపుల డబ్బాలో దాచుకున్న చిల్లర తీసుకుని సినిమాకు ఉడాయించిన వాక్యం. అది ఎప్పుడూ హాస్యంగానే ఉంటుంది. పట్టుబడితే రెండు దెబ్బలు, ఆ తర్వాత అమ్మే దగ్గరికి తీసి అన్నం పెట్టడం. ఆ చిల్లర ఆమె దేనికోసం దాచుకుందో ఒక్క వ్యాసంలోనూ కనబడలేదు. ఆమె ఆ హాలుకు ఎప్పుడైనా వెళ్లిందా అన్నది అంతకన్నా కనబడలేదు.

ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేకత అనుకోనక్కరలేదు. ఈ ప్రక్రియకు ప్రపంచమంతా ఆదర్శంగా పెట్టుకున్న సినిమా జిసెప్పె తోర్నతోరె తీసిన 'సినిమా పారడిసో' (1988). సిసిలీలో ఒక చిన్న ఊరు, ఊరి నడిమధ్య సినిమా హాలు, ప్రొజెక్టరు నడిపే అల్ఫ్రెడో, అతని చుట్టూ తిరిగే పిల్లవాడు తోతో. తండ్రి యుద్ధానికి వెళ్లి తిరిగిరాలేదు. తల్లి పాలు కొనమని యాభై లీరాలిస్తే తోతో వాటితో సినిమా చూస్తాడు. హాలు బయట, చీకట్లో, తల్లి వాణ్ని కొడుతుంది. అల్ఫ్రెడో జేబులోంచి డబ్బులు తీసి, హాల్లో దొరికాయని అబద్ధం చెప్పి ఆమె చేతిలో పెడతాడు. మనకు అల్ఫ్రెడో మీద ప్రేమ పుడుతుంది. పుట్టాలనే ఆ దృశ్యం తీశారు. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆమెకు ఆ రోజు పాలు లేవన్న సంగతి మనకు తట్టదు. ఇంట్లో దాచిన ఫిల్ము ముక్కలు అంటుకుని చెల్లెలి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా అంతే. తల్లి భయం కథకు ఒక అడ్డంకిగానే కనిపిస్తుంది.

ఆ సినిమాలో నన్ను ఎప్పుడూ ఆపేసే షాట్ ఒకటుంది. ముప్పై ఏళ్ల తర్వాత కొడుకు ఇంటికొస్తాడు. అల్లుకుంటున్న తల్లి గబుక్కున లేచి వెళుతుంది. నూలు ఆమె వెంటే పోతుంది, అల్లిక ఒక్కొక్క వరసే విడిపోతూ ఉంటుంది. కెమెరా ఆమె వెంట వెళ్లదు, అల్లిక దగ్గరే ఆగిపోతుంది. ఎంత అందమైన షాటో చెప్పలేను. కానీ ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషి తలుపు తీసేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో మాత్రం మనకు తెలియదు.

ఎలెనా సంగతి ఇంకా స్పష్టం. ప్రపంచమంతా చూసి కన్నీళ్లు పెట్టుకున్న రెండు గంటల కూర్పులో తోతో ప్రేమించిన ఆ అమ్మాయి ఏ కారణమూ చెప్పకుండా మాయమైపోతుంది. 2002లో వచ్చిన దాదాపు మూడు గంటల కూర్పులో గాని అసలు విషయం తెలియదు: ఆమె వచ్చింది, తోతో కోసం చీటీ రాసిపెట్టి వెళ్లింది, వాణ్ని వదిలెయ్యమని ఆమెకు నచ్చజెప్పింది అల్ఫ్రెడోనే. చిన్న కూర్పే బాగుందని చాలామంది విమర్శకుల అభిప్రాయం. నిజమే, బాగుంటుంది. ఆమె నోరు విప్పితే అల్ఫ్రెడో అంత ప్రేమాస్పదుడుగా మిగలడు, ఆ హాలు కూడా అంత స్వర్గంగా మిగలదు.

పాన్ నళిన్ గుజరాతీలో తీసిన 'ఛెల్లో షో' (2021) ఈ కథకు మన దేశపు చెల్లెలు. సౌరాష్ట్రలో రైల్వేస్టేషనులో చాయ్ అమ్మే బ్రాహ్మణుడి కొడుకు సమయ్. తండ్రి దృష్టిలో సినిమా పరువు తక్కువ పని. కాళికాదేవి సినిమా కాబట్టి ఒకసారి కుటుంబమంతటినీ తీసుకెళ్తాడు. ఆ తర్వాత సమయ్ ప్రొజెక్టరు నడిపే ఫజల్‌తో ఒప్పందం చేసుకుంటాడు. బడికి తల్లి కట్టిచ్చే డబ్బా ఫజల్‌కు, గదిలోంచి ఉచితంగా సినిమా తనకు. తల్లి వంట చేయడాన్ని నళిన్ ఎంతో మక్కువతో చిత్రించాడు. ఆమె చేతులు, మసాలాలు, పొయ్యి. ఆ చేతి వంటే వాడి టికెట్టు. తన వంటతో కొడుకు సినిమా కొనుక్కుంటున్నాడు, తను పొయ్యి దగ్గరే ఉంది. చివర హాలు డిజిటలైపోయి, ప్రొజెక్టర్లు కరిగి చెంచాలవుతాయి, ఫిల్ము కరిగి గాజులవుతుంది. రైల్లో ఆడవాళ్ల చేతులకున్న రంగురంగుల గాజుల్లో సమయ్ తను ప్రేమించిన దర్శకులను చూసుకుంటాడు. సినిమా చిట్టచివరికి ఆడవాళ్ల దగ్గరికి చేరింది, గాజులుగా! దర్శకుడు ఇది వ్యంగ్యంగా అనలేదు, నివాళిగా అన్నాడు. అందుకే నాకు ఆ ముగింపు మరీ ఇబ్బందిగా అనిపించింది.

ఇంతవరకు రాసుకుని శ్రీరంగాపూర్ వెళ్లాను. పెద్దమ్మను సినిమా గురించి అడిగితే సినిమా గురించి చెప్పలేదు. దారి గురించి చెప్పింది. పెబ్బేరు దాకా ఎద్దులబండి, అక్కణ్నుంచి వనపర్తికి బస్సు. మ్యాట్నీ తప్ప మరో ఆట లేదు. పొద్దున్నే లేచి రెండు పూటలకూ వండిపెట్టాలి, బర్లకు మేత వెయ్యాలి, సాయంత్రం పాలు పిండేది ఎవరో మాట్లాడుకోవాలి. అన్నిటికన్నా ముందు మామ ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకున్నది 'లవకుశ'కు. 1963లో వచ్చిన ఆ సినిమా ఆ తర్వాత ఎన్నేళ్లో మళ్లీ మళ్లీ ఆడుతూనే ఉండేది. ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని పోయి చూసిన సినిమా అది. రాముడి కథ, కోడళ్లు చూడదగ్గదని మామ అన్నాడట. గర్భవతిని అడవికి పంపే కథ.

"చానా బాగుండె బిడ్డా. సీతమ్మను అడివిల ఇడ్చిపెడ్తుంటె నేను ఒకటే ఏడుపు" అంది. "ఆఖర్న ఆమె భూమిలకు పోయేది నేను జూడలే."

"ఎందుకు?"

"పిల్లగాడు ఏడిస్తే బయటికొచ్చి నిలబడితి. లోపలికి పోదామంటే అప్పటికే బస్సుకు టైమాయె."

మరో రెండుసార్లు వెళ్లిందట అదే సినిమాకు. మూడుసార్లూ ముగింపు చూడలేదు. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం మనమందరం పాఠం చెప్పినదే: తెర మీద స్త్రీ, చూసేది పురుషుడి చూపు. ఆ వ్యాసం నాకు ఎంతో నేర్పింది. కానీ అందులో చూసేవాళ్లు, ఎవరైనా కానీ, కుర్చీలో చివరిదాకా కూర్చునే ఉంటారు. వరండాలో చంకన పిల్లవాడితో నిలబడి, లోపలి నుంచి మాటలు మాత్రమే వింటున్న ప్రేక్షకురాలికి ఏ సిద్ధాంతం ఉంది?

ఇక్కడితో నా వ్యాసం అయిపోయిందనుకున్నాను. అమ్మ డబ్బుతో కొడుకు సినిమా చూశాడు, అమ్మ వరండాలో నిలబడింది. అయితే ఆ సాయంత్రమే పెద్దమ్మ వాళ్ల పొలంలో ఒకప్పుడు పనిచేసిన ఒకక్క వచ్చింది. మాదిగవాడ మనిషి. పాలమూరు నుంచి వలస పోయిన వేలమందిలాగే ఆమె కూడా ఏళ్లకేళ్లు మట్టి పనులకు దూర ప్రాంతాలు తిరిగింది. నా ప్రశ్నలు విని నవ్వింది. "నన్నెవరు వద్దంటరు? కూలి పైసలు నాయి. నా టికెట్టు నేనే కొంటి" అంది. ఏ మామనూ అడగలేదు. ముగింపులు కూడా చూసింది. నా సిద్ధాంతం పోపుల డబ్బా ఉన్న ఇళ్లది మాత్రమేనని నాకప్పుడు తెలిసొచ్చింది.

అలాగని ఆమెకు హాలు స్వర్గమేం కాదు. తమిళ సినిమా మీద 1981లో రాసిన పుస్తకంలో కార్తిగేసు శివతంబి ఒక ముఖ్యమైన మాటన్నాడు. తమిళులందరూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేననీ, అక్కడ చోటును నిర్ణయించింది పుట్టుక కాదు, టికెట్టు కొనగల శక్తి అనీ. హాళ్ల జ్ఞాపకాలు రాసేవాళ్లందరూ, ఆ పుస్తకం చదవకపోయినా, ఈ నమ్మకం మీదే రాస్తారు. ఆ అక్కను అదే అడిగాను, ఆడవాళ్ల వైపు నేల మీద అందరూ కలిసే కూర్చునేవాళ్లా అని.

"లైట్లు ఆరిపినంక ఎవరిది ఏ కులమో ఎవరు జూస్తరు? ఇంటర్వెల్ల లైట్లేస్తరు గద, అప్పుడు మన ఊరోళ్లు కనపడితే జరుగుతరు" అంది, పెద్దమ్మ ముందే. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది. ఏ గ్లాసులో ఇస్తుందా అని నేను చూశాను. అందరికీ ఒకే రకం గ్లాసుల్లో ఇచ్చింది. అది ఎప్పటి నుంచో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

శివతంబి చెప్పిన కప్పు నిజమే. దాని కింద ఎంతసేపు లైట్లు వెలిగాయి, వెలిగినప్పుడు ఎవరు ఎటు జరిగారు అన్నది జ్ఞాపకాల వ్యాసాల్లోకి రావలసిన సంగతి. మలయాళంలో మొదటి సినిమా 'విగత కుమారన్'లో నాయర్ స్త్రీగా నటించిన పి.కె. రోజీ దళిత స్త్రీ. తిరువనంతపురం హాల్లో తెర మీద ఆమె కనిపించగానే రాళ్లు పడ్డాయి. ఆమె ఊరే విడిచిపోవలసి వచ్చింది. అదీ ఒక పాత హాలు జ్ఞాపకమే. 'మా ఊరి హాలు' శీర్షికల కింద అలాంటివి చేరవు, ఎందుకంటే అవి తీపిగా ఉండవు.

పెద్దమ్మకు తీపి లేదా అంటే, ఉంది. బండిలో ఆడవాళ్లందరూ కలిసి పాడుకుంటూ పోయినది, దారిలో సద్ది విప్పుకుని తిన్నది చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. అత్తలేని, మామలేని ఆ మూడు నాలుగు గంటలు. ఆమెకు మిగిలిన యాదిలో సినిమా హాలు చాలా చిన్న భాగం, బండే పెద్దది. ఆ అక్కకు మిగిలింది చేతిలో సొంత పైసలతో టికెట్ల కిటికీ ముందు నిలబడడం. ఈ రెండింటినీ ఇసుక కుప్పతో సమానంగా రాయగలిగితే హాలు చరిత్ర వేరేగా ఉంటుంది. రాయవలసింది వాళ్లు. లేదా వాళ్లు చెబితే దిద్దకుండా రాసిపెట్టే మనం.

బయల్దేరే ముందు పెద్దమ్మకు ఫోనులో 'లవకుశ' చివరి భాగం పెట్టిస్తానన్నాను. కళ్లద్దాల కోసం వెతికింది, దొరకలేదు, "మల్ల సూస్తలే" అంది. అప్పుడు గుర్తొచ్చి, ఇంతకీ ఆ హాలు పేరేమిటని ఇద్దరినీ అడిగాను. ఇద్దరికీ తెలియదు. కాసేపు ఆలోచించి అక్క అంది: "పేరు యాదికి లేదు గని, బస్టాండుకు దగ్గర. చీకటి పడకముందే బస్సు దొరుకుతుండె."