అల దాటే వయసు

మన రాష్ట్రంలో సముద్రం మీద బతికేవాడికి యాభై ఏళ్లకే ముసలితనం వస్తుంది. ఈ మాట నాది కాదు, ప్రభుత్వానిది. పొలం కూలికి పోయేవాళ్లకి 60 నిండితేగాని వృద్ధాప్య పింఛను రాదు. మత్స్యకారుడికి 50 నిండితే చాలు, చేనేత కార్మికుడికీ కల్లుగీత కార్మికుడికీ కూడా అంతే. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 4,000 రూపాయలు. నాలాంటి సర్కారు పంతులమ్మలు మాత్రం 62 దాకా ముసలివాళ్లు కారు. 2022 జనవరికి ముందైతే 60కి అయ్యేవాళ్లు, 2014కి ముందైతే 58కి. 1983లో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి అయిన కొత్తల్లో ఆ గీతను ఏకంగా 55కి దించారు. అప్పటికి ఆయనకు 59 ఏళ్లు. యాభై తొమ్మిదేళ్ల కథానాయకుడు యాభై అయిదేళ్ల గుమాస్తాలను ఇక చాలని ఇంటికి పంపడమన్నమాట. ఒంటిని అడిగి రాసిన జీవో ఇంతవరకు నా కంటబడలేదు.

అలాగని ఆ యాభై తప్పని కూడా అనలేను. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట... మా నెల్లూరు తీరం పొడవునా పట్టపు మత్స్యకారుల పాళేల్లో వయసును ఆధార్ కార్డులో వెతికితే దొరకదు. చాలా కార్డుల్లో పుట్టినరోజు జనవరి ఒకటో తేదీ. అసలు లెక్క తుపానుల్లో ఉంటుంది. 1984 నవంబరు తుపానుకి నాయన వెంట తెప్పెక్కడం నేర్చుకుంటున్న పిల్లోడు, 1989 నవంబరులో కావలి తుపానుకి మీసం వస్తున్నవాడు, 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు తల్లిని వీపున వేసుకుని పరిగెత్తినవాడు. లెక్కేస్తే ఇప్పుడు యాభై దాటాయి. రేషన్ బియ్యం బస్తా ఆటోలోంచి దించడానికి కొడుకుని కేకేస్తున్నాడు.

బడిలో పనిచేసేదాన్ని కాబట్టి ఈ లెక్కలు నా బల్ల మీదికి వస్తుంటాయి. పుట్టిన తేదీకి రుజువు కావాలంటే పాత అడ్మిషన్ రిజిస్టరే గతి. ఒకాయన వచ్చి, మీసం వేలితో మెలేసి చూపించి, “ఇంత నెరిసింది గదా మేడమ్, కార్డులో నలభై ఏడే ఏసుండారు, ఏందిది?” అన్నాడు. రిజిస్టర్ తీసి చూస్తే ఆయన మూడో తరగతిలో చేరి మానేసినట్టు ఉంది, తేదీ గడి ఖాళీ. ఆయన వెళ్లాక స్టాఫ్ రూమ్‌లోకి పోతే, మా సహోద్యోగి ఒకావిడ పాపిట దగ్గర వేలెడు తెల్లదనం కనిపిస్తోందని, ఆదివారం లోపల రంగేసుకోవాలని బాధపడుతోంది. ఒకే గోడకు అటూ ఇటూ ఒకరికి వయసు పెంచుకోవాలని, ఒకరికి తగ్గించుకోవాలని. నేనూ వేస్తాను రంగు. ఎందుకేస్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. మానేస్తే అందరూ “ఒంట్లో బాగా లేదా?” అని అడుగుతారని భయం, అంతే అనుకుంటా.

పాళెంలో ముసలితనం అద్దంలో కనబడదు, అల దగ్గర బయటపడుతుంది. నడిసముద్రంలో కాదు, ఒడ్డున కెరటం విరిగే చోట. పడవను నడుముల్లోతు దాకా తోసుకుపోవాలి, ఒక అల విరిగి రెండోది లేచే సందులో ఎగిరి లోపల పడాలి. ఆ సందు మూడు నాలుగు సెకన్లు. ఈతలో, వల వేయడంలో, చేప జాడ పట్టడంలో పాతికేళ్ల కుర్రవాడి కంటే యాభై అయిదేళ్లవాడే మెరుగు కావచ్చు. ఆ ఎగరడం ఒక్కటే కుదరదు. మోకాలు ఒక్క క్షణం ఆలస్యంగా మాట వింటుంది.

దీనికి తెప్పకూ ఫైబర్ బోటుకూ ఉన్న తేడా కూడా తోడైంది. మానులు కలిపి తాళ్లతో కట్టిన తెప్ప నీటికి జానెడు పైన ఉంటుంది, ఎక్కడమంటే దాదాపు పాకడమే. దుంగల సందుల్లోంచి నీళ్లు వచ్చిపోతుంటాయి, మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయాలి. దాని బాధ దానిది. సునామీ తర్వాత సాయంగా వచ్చిన ఫైబర్ బోట్లతో తీరం నిండిపోయింది. ఇంజను రావడంతో చేతులకు తెడ్డు బరువు తప్పింది, నిజమే. కానీ బోటు అంచు ఎత్తు, అందుకోవాలంటే ఎగరాలి. అలల మీద అది లేచి పడుతుంటే ప్రతి దెబ్బా నడుం పూసలకే. “తెప్ప మా నాయన చేతులు తినింది, బోటు నా నడుం తినింది” అని ఒకాయన నాతో అన్నాడు, ఫిర్యాదుగా కాదు, లెక్క చెప్పినట్టు. జువ్వలదిన్నెలో కట్టిన ఫిషింగ్ హార్బర్ గురించి టన్నులు, కోట్లు, ఎగుమతులు అంటూ మాట్లాడతారు. నాకు మాత్రం దాని గట్టు మీదే కన్ను. గట్టు మీంచి పడవలోకి అడుగేసి దిగవచ్చు. అల దాటే పని లేకపోతే ఒక మనిషి సముద్రం మీద ఇంకో అయిదారేళ్లు ఉండగలడేమో. ఆ హార్బర్‌కు వచ్చేవి పెద్ద బోట్లు, వాటికి కావలసింది కుర్రవాళ్లు. అది వేరే సంగతి.

సముద్రం వదిలినంత మాత్రాన పని వదలదు, మెట్టు మెట్టుగా దిగుతుంది. అలివి వలనే తీసుకోండి. పడవతో సముద్రంలో అర్ధచంద్రాకారంగా వల పరిచి, రెండు కొసల తాళ్లను ఒడ్డు మీంచి రెండు జట్లు లాగుతాయి. లాగే వరసలో ముసలివాళ్లుంటారు, ఆడవాళ్లుంటారు, బడి ఎగ్గొట్టిన నా శిష్యులూ ఉంటారు. తాడు పట్టినవాడికి పాలు, అంటే చేపలో వాటా, ఉంటుంది. తాడు పట్టలేని రోజున చేపలు ఏరడం. అదీ కానినాడు వల బాగుచేయడం. చెయ్యి ఆడనివాడికి కూడా పాళెం పెద్దలైన కాపుల పక్కన కూర్చుని, ఊరి కట్టుబాటు తేల్చే దురాయిలో మాట చెప్పే హక్కు ఉంది, ఒంట్లో బలం తగ్గేకొద్దీ ఆ మాటకు బరువు పెరుగుతుంది కూడా. అందుకే ఇక్కడివాళ్లు తెల్లజుట్టు గురించి, ముడతల గురించి బాధపడగా నేను చూడలేదు. వాళ్లను కోసేది వేరే. ఒకాయన్ని కొడుకు ఓ తెల్లవారుజామున “నువ్వుండు నాయనా, మేం పోయొస్తాం” అన్నాడట. ప్రేమగానే అన్నాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆయన అన్నం సరిగా ముట్టలేదని భార్య చెప్పింది. పాలు లేకుండా చేప తెచ్చి ఇంట్లో పెడితే అది కూర కాదట, దానమట. ఈ మాట కూడా ఆమే అనింది.

ఆయన ఇప్పుడు వల బాగుచేస్తాడు. వేప చెట్టు కింద కాళ్లు బారజాపుకుని, చిరిగిన వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగబట్టి, ప్లాస్టిక్ సూదికి దారం చుట్టుకుని, పోయిన కన్నునల్లా మళ్లీ అల్లుకుంటూ వస్తాడు. కన్ను కొలత ఒక్కటి తేడా వచ్చినా వల లాగినప్పుడు బరువంతా అక్కడే పడి మళ్లీ అక్కడే చిరుగుతుంది. చేతులు చూస్తే నాకు అసూయగా ఉంటుంది. కణుపులు వాచి ఉన్నా ముడి తప్పదు. తప్పేది చూపు. నలభై దాటాక కంట్లోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువుకు తగ్గట్టు ఉబ్బడం మానేస్తుంది. చత్వారం ఎవరినీ వదలదు, పంతుళ్లనీ పట్టపువాళ్లనీ ఒకేలా పట్టుకుంటుంది. కాకపోతే నేను పుస్తకాన్ని బారెడు దూరం పెట్టి చదువుకోగలను. ఆయన వల కాలికి కట్టి ఉంది, చేతులు ఒడిలో ఉన్నాయి, దూరం జరపడానికి ఏముంది?

నూలు వలల కాలంలో ఈ ఇబ్బంది ఇంతగా ఉండేది కాదంటాడు. నూలు దారం లావు, వేళ్లు తడిమి పోల్చుకునేవి. ఇప్పటిది వెంట్రుకంత నైలాన్, పైగా నీటి రంగు. చేపకు కనబడకూడదనే అట్టా చేశారు, చేసేవాడికీ కనబడకుండా పోయింది. “మద్దేనం ఎండలో అయితే ఆన్తది, పొద్దువాల్తే ఆనదు” అని ఎండలోకి జరిగి కూర్చుంటాడు. నెల్లూరులో పేవ్‌మెంటు మీద వందకో నూటయాభైకో దొరికే కళ్లజోడు ఒకటి కొనుక్కోరాదా అన్నా అంటే నవ్వాడు. చెమటకు జారుతుందట, ఉప్పుగాలికి మసకేస్తుందట. చివరికి అసలు సంగతి చెప్పాడు: “అది బెట్టుకుంటే మావోళ్లు అయ్యోరు అయ్యోరని ఎగతాళి జేస్తారమ్మా.” పంతులుగా కనబడటం ఇంత నామోషీ అని నాకు ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరూ చెప్పలేదు.

నా కళ్లజోడు తీసి ఆయన చేతికిచ్చాను. పెట్టుకుని వలకేసి చూసి, ఏమీ అనకుండా వరసగా నాలుగు ముడులు వేశాడు. తర్వాత తలెత్తి సముద్రం వైపు చూసి, అంతా మబ్బుగా ఉందని తీసిచ్చేశాడు. దగ్గరి చూపు అద్దాలతో దూరం చూస్తే అంతే కదా. సముద్రం కనబడనిది ఆయనకు అక్కర్లేదు. ముక్కు కొసకు దించుకుని పైనుంచి చూడాలని నేర్పాల్సి వచ్చింది. అదైతే నా విద్యే.

అస్సాం తేయాకు తోటల్లో ఇలాంటిదే పరీక్షించి చూశారు. నలభై దాటి, దగ్గరి చూపు తగ్గిన కోత పనివాళ్లలో కొందరికి మామూలు కళ్లజోళ్లు ఇచ్చి, కొందరికి ఆఖర్న ఇస్తామని చెప్పి, రోజూ ఎంత ఆకు కోశారో తూచారు. ఆ ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. అద్దాలు పెట్టుకున్నవాళ్ల కోత, పెట్టుకోనివాళ్లతో పోలిస్తే 20 శాతానికి పైగానే ఎక్కువ పెరిగింది. మందు కాదు, ఆపరేషన్ కాదు, మామూలు కళ్లజోడు. ముసలితనమని మనం పేరు పెట్టి వదిలేసినదాంట్లో ఎంత భాగం ఇలాంటిదో అని అది చదివినప్పటి నుంచి నాకు అనుమానం.

ఆడవాళ్ల సంగతి వేరు. మైపాడు నుంచి నెల్లూరు ఇరవై చిల్లర కిలోమీటర్లు. గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగే అక్కలకు మెడ ముందు అరుగుతుంది, తర్వాత మోకాళ్లు. ఆటోలు వచ్చాక దూరం తగ్గింది గానీ అపార్ట్‌మెంట్లు వచ్చాక మెట్లు పెరిగాయి. మా వాడుక అక్క ఇప్పుడు లిఫ్టు దగ్గరే ఆగి కేక వేస్తుంది. ముఖం మీద ఎన్ని ముడతలు పడినా ఆ గొంతు మాత్రం ఇంకా పదునెక్కుతూనే ఉంది. గొంతుక్కూర్చుని చేప కోయడం చేతకాక కత్తిపీటను ఒక బల్ల మీదికి ఎక్కించి, తను స్టూలు మీద కూర్చుంది. మొదట్లో తోటివాళ్లు “దొరసాని” అన్నారట. ఏడాది తిరిగేసరికి ఆ వరసలో ఇంకో రెండు స్టూళ్లు వచ్చాయి.

ఆమెకు నాకంటే పదేళ్లు తక్కువ, చూస్తే పెద్దదానిలా ఉంటుంది. ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించేసుకుంది. మన రాష్ట్రంలో ఇది కొత్త కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందువరసలోనే ఉంటోంది. “పీడా వదిలింది” అంటుంది ఆమె. నెలకు అయిదు రోజులు వ్యాపారం పోదు, నొప్పి లేదు, గుడ్డల గొడవ లేదు. ఆ ఊరటను నేను కాదనను, గంప మోసే మనిషి లెక్క ఆమెది. కానీ సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే, యాభైకి మెల్లగా రావలసిన మార్పు ముప్పై అయిదుకే ఒక్క రోజులో వచ్చి పడుతుంది. ఎముకలు తొందరగా గుల్లబారతాయి, ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టదు. తనకు ఏమేం తీశారో ఆమెకు తెలియదు. అడిగితే “సంచే గదా” అంది. కాగితాలు తుపానుకు తడిసిపోయాయి. తన ఒంట్లో ఏముందో ఏం లేదో తెలియకుండా ఆ ఒంటితోనే వృద్ధాప్యంలోకి నడుస్తోంది. దీని మీద నాకు కోపం ఉంది. ఎవరి మీద అని అడిగితే మాత్రం ఒక్కరి పేరు చెప్పలేను.

ముసలివాళ్లకు చోటు మిగిల్చిన సముద్రం ఒకటి ఉంది, దక్షిణ కొరియాలో జెజు అనే దీవి దగ్గర. అక్కడి ఆడవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు దిగి నత్తలూ నాచూ ఏరుకొస్తారు. వాళ్లను హేన్యో అంటారు, 2016లో యునెస్కో వాళ్ల సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు దిగేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. నీళ్లలో ఒంటి బరువు తెలియదు కదా, ఒడ్డున కర్ర పట్టుకు నడిచేవాళ్లు కూడా లోపల చేపల్లా తిరుగుతారు. నాకు నచ్చింది అది కాదు. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువగా ఉన్న నీళ్లను ముసలివాళ్లకని వదిలేసే ఆనవాయితీ ఒకటి వాళ్లలో ఉంది. ఆ చోటుకు అవ్వల సముద్రమనే పేరు. వయసులో ఉన్నవాళ్లు లోతుకు పోవాల్సిందే.

మా అలివి వల తాడు అలాంటి చోటే. ఆ చోటు తరుగుతోంది. ఒడ్డు దగ్గర చేప తగ్గింది, గంటల తరబడి లాగితే ఒక్కోసారి చెత్తా, జెల్లీ చేపలూ వస్తున్నాయి. వల బాగా చిరిగితే బాగుచేయించడం మానేసి కొత్త ముక్క కొనేవాళ్లూ పెరిగారు. పింఛను వద్దని ఏ ముసలాయనా అనడు, నేనూ అనను. నాలుగు వేలు పాళెంలో చిన్న మొత్తం కాదు. అయితే అది ఇంట్లో కూర్చున్నందుకు వస్తుంది, పాలు తాడు పట్టినందుకు వస్తుంది. ఆ రెండు డబ్బులూ చేతిలోకి తీసుకునేటప్పుడు మనిషి నిలబడే తీరు ఒకేలా ఉండదు, నేను చూశాను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వలలన్నీ ఒడ్డుకు వస్తాయి, బాగుచేసే పనంతా అప్పుడే. 2025 నుంచి ఆ రెండు నెలలకు కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నారు, బాగుంది. దాంతోపాటు కళ్లు కూడా చూడండని నా మనవి. 2019 అక్టోబరులో ప్రభుత్వ కంటి వెలుగు పథకం మొదలైనప్పుడు ముందు బడిపిల్లల కళ్లు చూశారు, మా పిల్లలకూ అద్దాలు వచ్చాయి. 2020 ఫిబ్రవరి నుంచి అరవై దాటిన అవ్వాతాతల వంతు. చత్వారం మొదలయ్యే నలభైకీ, ఆ అరవైకీ నడుమ సూది పట్టినవాళ్లంతా ఆ రెండింటి సందులో పడిపోయారు. వాళ్లకు పెద్ద పరీక్షలు అక్కర్లేదు. ప్లస్ ఒకటిన్నర, రెండు, రెండున్నర అద్దాలు ఓ పెట్టెలో తెచ్చి, జారకుండా వెనక కట్టుకోవడానికి ఒక తాడు ఇస్తే చాలావరకు పని జరుగుతుంది. శుక్లాలు ఉన్నవాళ్లు ఎవరో అక్కడే తేలిపోతారు, వాళ్లను ఆస్పత్రికి పంపవచ్చు. ఏప్రిల్ ఆఖరుకు మాకు ఎలాగూ సెలవులు, బడి వరండా ఖాళీగా ఉంటుంది, తాళం చెవి నా దగ్గరే. అక్షరాల పటం కూడా తేనక్కర్లేదు, చేతికి ఒక చిరిగిన వల ముక్క ఇచ్చి చూడమంటే సరిపోతుంది.