నానార్థాలా, భిన్న పదాలా? : ‘క్వారీ’ మొదలు ‘రాయి’ వరకు

దుర్గి శిల్పులకు, పిడుగురాళ్ల సున్నం బట్టీల వారికి క్వారీ, క్రేన్, లైమ్ పరాయి మాటలు కావు. ఇక్కడి వాడుకలో ఒక్కోదానికి ఒక్కటే అర్థం. ఆంగ్ల నిఘంటువు తెరిస్తే రెండో అర్థం ఎదురవుతుంది. క్వారీ రాతిగని, వేటజంతువు కూడా. క్రేన్ బరువులెత్తే యంత్రం, కొంగను పోలిన పక్షి కూడా. లైమ్ సున్నం, నిమ్మజాతి పండు కూడా. ఈ మూడింటినీ ‘నానార్థాలు’ అని ఒకే గాటన కట్టడం శాస్త్రీయం కాదు.

వీటిలో నిజమైన నానార్థ పదం క్రేన్ ఒక్కటే. పొడవాటి మెడ పోలికతో పక్షి పేరు యంత్రానికి వచ్చింది. క్వారీ సంగతి వేరు. రాతిగనిని తెలిపే పదం ‘చదరం’ అనే అర్థమున్న లాటిన్ మాట సంతతి; రాతిని చదరంగా చెక్కి తీసే చోటని భావం. వేటజంతువును తెలిపేది, వేట ముగిశాక కుక్కలకు వేసే మాంసభాగాలను సూచించిన పాత ఫ్రెంచి మాట నుండి వచ్చింది. ధ్వనిమార్పులకు లోనై రెండూ ఒకే రూపానికి చేరాయి. లైమ్ కూడా అంతే: సున్నం పేరు ప్రాచీనాంగ్లం నాటిది, పండు పేరు అరబ్బీ మూలం కలది.

మన నానార్థ బోధన ఈ భేదాన్ని పట్టించుకోదు. ‘కరము’ అంటే చేయి, తొండము, కిరణము, పన్ను అని వల్లె వేయిస్తాం. మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు (1899) చేయి, తొండములను ‘చేయు’ అనే అర్థమున్న ధాతువు కింద, కిరణము, పన్నులను ‘వెదజల్లు’ అనే అర్థమున్న ధాతువు కింద వేరు చేసింది. తెలుగులోనే చూస్తే, శిల్పి చెక్కే ‘రాయి’కి పూర్వరూపం ‘ఱాయి’. పలక పట్టిన పిల్లవాడితో అనే ‘రాయి’ ‘వ్రాయు’ ధాతువుకు విధిరూపం. రాతిమీది రాతను చూసి ఈ రెండింటికీ చుట్టరికం కలిపితే అది జానపద నిరుక్తి అవుతుంది.

అయితే వ్యుత్పత్తి ఒక్కటే కొలమానం కాజాలదు. ఆంగ్లంలో పువ్వు, పిండి పేర్లు ఒకప్పుడు ఒకే పదం. వర్ణక్రమం వేరుపడ్డాక వ్యవహర్తలకు ఆ బంధుత్వం స్ఫురించదు. మన చూర్ణం, సున్నం కూడా ఒకే మూలానివే.

ఆదాన పదాల పరిశీలనలో ఈ విభజన మరింత అవసరం. తెలుగులో ‘క్వారీ’ వేటజంతువును తెలపకపోవడాన్ని అర్థసంకోచం అనడానికి వీల్లేదు. మనం తీసుకున్నది రెండు పదాలలో ఒకదాన్ని. పక్షి అర్థాన్ని వదిలి వచ్చిన ‘క్రేన్’ విషయంలో మాత్రమే ఆ చర్చకు తావుంది.