పంట తగ్గిన ఏడు మామిడిని ఎంచడం

పంట తగ్గిన ఏడు మామిడంతా చప్పగానే ఉంటుందన్న మాట సగమే నిజం. వాతావరణం ముందుగా దెబ్బతీసేది దిగుబడిని. రుచి తోటను బట్టి, కాయ కోసిన రోజును బట్టి మారుతుంది. హైదరాబాద్ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021–22లో విజయవాడ దారిలోని బాటసింగారానికి తరలింది. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఒకే పొద్దున దిగిన రెండు బేనిషాన్ లాట్లు రుచిలో పొంతన లేకుండా ఉండటం మామూలే. బేనిషాన్ అంటే మరేమీ కాదు, బంగినపల్లే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామిడి పూతకాలం. అప్పుడు మబ్బు పట్టినా, అకాల వాన పడినా బూడిద తెగులు, తేనెమంచు పురుగు పూతను మాడ్చేస్తాయి. ద్రాక్షకూ ఈ బాధ తప్పదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 2013 వసంతపు చలికి, వానకు పూత రాలిపోయి ఆ ఏటి ఎర్ర వైన్‌కు పేరు తగ్గింది. అయినా తెలిసినవారు ఏడాదిని చూసి వదిలేయకుండా, ఏ తోటదో అడిగి కొంటారు.

కాయ తక్కువైతే ధర పలుకుతుంది. అది జారకముందే అమ్ముకోవాలని లేత కాయనే కోసేస్తారు. అలాంటి ఏటి పులుపులో పెద్ద వాటా ఈ తొందరదే. చెట్టు మీద ముదిరేకొద్దీ కాయలో పిండిపదార్థం చేరుతుంది, మాగేటప్పుడు అదే చక్కెర అవుతుంది. పిండి చేరని కాయ రంగు తిరుగుతుంది గానీ తీపెక్కదు. అందుకే రంగును నమ్మకూడదు.

ముదిరిన కాయకు తొడిమ గుంటలో దిగినట్టుండి, చుట్టూ భుజాలు పైకి లేస్తాయి. కోసి చూస్తే టెంక గట్టిగా, దాని పక్క కండ పసుపుగా ఉంటుంది. నీళ్లలో వేస్తే ముదురుకాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. కోయకుండా తేల్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

మాగిన పండును ముందు తొడిమ దగ్గర వాసన చూడాలి. తర్వాత బుగ్గ ముక్క తినాలి, చివరగా టెంకను అంటుకున్న కండ. బుగ్గ తియ్యగా ఉండి టెంక పక్కన పులుపు కొడితే అది తొందరపడి కోసిన కాయ. పులుపూ లేక తీపీ లేక నీరుగా ఉంటే కోతకు ముందు వాన పడి ఉండొచ్చు.

చవకలో మంచి పండు దొరికేది గీతల లాట్లలో. ధర సైజుకూ తొక్క నునుపుకూ పలుకుతుంది, రుచికి కాదు. గాలికి కొమ్మలు రాసుకున్న గీతలు తొక్క దాటవు. మాగేకొద్దీ పెరిగి లోపలికి కుంగే నల్లమచ్చలనూ, పండు ఈగ పొడిచిన చోట జిగురు కారే కాయలనూ మాత్రం వదిలేయాలి.

కార్బైడ్‌తో మాగించడం నిషిద్ధం. ఇథిలిన్ వాయువుకు 100 పీపీఎం దాకా అనుమతి ఉంది. వరిగడ్డిలో మాగేసినా, ఇథిలిన్ గదిలో పెట్టినా లేత కాయకు లేని తీపి రాదు. నీళ్లలో తేలిన కాయలుంటే పప్పులోకి వాడుకోవచ్చు.