ఏ కెమెరాతో తీశారు?

ఆదివారం పూట హొగెనకల్ వెళ్లి చూడండి. ధర్మపురి, సేలం, బెంగుళూరుల నుంచి వచ్చిన కుర్రవాళ్లు మెడలో కెమెరాలు వేలాడేసుకొని రాళ్ల మీద వరుసగా నిలబడి వుంటారు. కెమెరా లేనివాడి చేతిలో సెల్‌ఫోను వుంటుంది. అందరి ఎదుటా ఒకటే కావేరి, పొగలా లేచే ఒకటే నీటి తుంపర, దాని ముందు గిరగిర తిరిగే ఒకటే పుట్టి. సాయంత్రం ఆ ఫోటోలన్నీ ఒకచోట పోస్తే ఏది ఎవరిదో తీసినవాడికే తెలియదు. అయినా వాటిలో ఏదో ఒకటి పదిమందికి నచ్చుతుంది. నచ్చగానే పుట్టే ప్రశ్న మాత్రం ఒకటే: "ఏ కెమెరాతో తీశారండీ?"

ఎంతసేపు కాచుకొన్నారని గాని, ఆ రాయి మీదే ఎందుకు నిలబడ్డారని గాని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇది వెటకారంగా అంటున్న మాట కాదు. కచేరి విని, మృదంగం ఎక్కడ చేయించారని అడిగేవాళ్లు వుంటారు. అది తప్పు ప్రశ్న కాదు. వాయించేవాడికి అది చాలా అవసరమైన ప్రశ్న కూడా. కాని వినేవాడు మొదట అడగవలసింది అది కాదు. ఫోటోగ్రఫీ విషయంలో మాత్రం మనం అక్కడే మొదలుపెట్టి, తరచుగా అక్కడే ముగించేస్తున్నాం.

మా కాలంలోనూ ఈ జబ్బు వుండేది. ఆగ్ఫా క్లిక్ త్రీ వున్నవాడు యాషికా వున్నవాణ్ణి చూసి నిట్టూర్చేవాడు. యాషికా వున్నవాడు నికాన్ గురించి కలలు కనేవాడు. క్లిక్ త్రీలో ఒక చుట్టకు 12 ఫోటోలు. ఉదకమండలంలో తయారైన ఇందు ఫిల్ము దొరికితే కొంత చవక. పన్నెండే వున్నాయి గనుక ప్రతి ఒక్కటీ ఆలోచించి తీసేవాళ్లమని ఇప్పుడు మావాళ్లు గొప్పలు చెప్పుకొంటారు. నిజం చెప్పాలంటే ఆ పన్నెండులో పది, పెళ్లికొడుకు పక్కన కర్రల్లా నిలబడ్డ బంధువులే. పేదరికం దానంతటదే కళ కాదు. ఖరీదైన లెన్సు దానంతటదే కాదన్నట్టే ఇదీ.

అయితే ఏది కళ? దీనికి పుస్తకాల నిర్వచనం కన్నా మన మట్టి మీద నడిచి వెళ్లిన ఒక ఉదాహరణ మేలు.

1858లో మద్రాసులో ఆరు ఫోటో సంపుటాలు వెలువడ్డాయి. మదుర, పుదుక్కోట, శ్రీరంగం, తంజావూరు దృశ్యాలకు ఒక్కొక్కటి. మరొకటి అచ్చంగా మన సీమది: రాయకోట, సేలం జిల్లాలోని ఇతర ప్రాంతాలు. (రాయకోట అప్పుడు సేలం జిల్లాలో వుండేది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడ్డాక ఇందులోకి వచ్చి, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో వుంది.) ఆరోదాని సంగతి తరువాత చెబుతాను. వీటిని తీసినవాడు లిన్నేయస్ ట్రైప్. కుంఫిణీవారి మద్రాసు సైన్యంలో అధికారి. ఫోటోగ్రఫీ ఆయనకు వృత్తిగా రాలేదు. ఇంగ్లండులో సెలవులో వున్నప్పుడు పట్టుకొన్న సరదా అది. 1854లో హళేబీడు, బేలూరు గుళ్లను తన ఇష్టం కొద్దీ తీసి, మరుసటి ఏడాది మద్రాసు ప్రదర్శనలో పెట్టాడు. ఆ తరువాతే ప్రభుత్వం ఆయనను ఫోటోగ్రాఫరుగా నియమించింది. అంటే మన ఆదివారపు కుర్రవాళ్లకు ఆయన వరుసకు ముత్తాత.

ఆయన సామాను చూడండి. మనిషి మోయలేని పెట్టె కెమెరా. అడుగుకు మించిన పొడవున్న నెగెటివులు. ఆనాటికి గాజు పలక పద్ధతి వచ్చేసింది, అందులో గీతలు మరింత స్పష్టంగా పడతాయి కూడా. కాని గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. మన ఎండల్లో, బండి ప్రయాణంలో అది జరిగే పని కాదు. అందుకని ట్రైప్ ఎక్కువగా మైనపు కాగితాన్నే ఎంచుకొన్నాడు. ముందే సిద్ధం చేసుకోవచ్చు, తరువాత తీరికగా కడుక్కోవచ్చు. ఆయనకూ సామాను గొడవ వుంది, మనకన్నా ఎక్కువే వుంది. తేడా ఏమిటంటే, ఎక్కడికి వెళ్లాలో ఏమి చూడాలో ముందు తెలుసుకొని, దానికి తగిన సామాను ఎంచుకొన్నాడు. మనం సామాను కొని, తరువాత దానితో ఏం తీద్దామా అని వెతుకుతున్నాం.

తంజావూరు పెద్దగుడి పీఠం చుట్టూ వున్న శాసనాలను ఆయన తీసిన తీరు దీనికి మంచి సాక్ష్యం. అంత పొడవైన గోడ ఏ లెన్సులోనూ పట్టదు. ఆయన కెమెరాను గోడ వెంబడి కొంచెం కొంచెంగా జరుపుకొంటూ వెళ్లి, 21 ఫోటోలు అతికించి, సుమారు 19 అడుగుల పటం తయారుచేశాడు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తూ శాసనం చదువుకొనేవాడు ఎలా నడుస్తాడో ఆ కెమెరా అలా నడిచింది. ఆయన ఉద్దేశం కళ కాదు, అక్షరాల నకలు. కాని చూడవలసినదానికి తగినట్టు తన నడకను మార్చుకోవడంలో కళ ప్రవేశించింది.

మరొక చిక్కు వుంది. ఆనాటి రసాయనాలకు నీలిరంగు అతిగా తగిలేది. కోట చక్కగా పడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చేది. ట్రైప్ నెగెటివ్ మీద రంగు పూసి మబ్బులు తానే గీశాడు. ఇది మోసమా? కంప్యూటరులో ఆకాశం మార్చేవాణ్ణి తిట్టేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. నా మట్టుకు నాకు ఇలా అనిపిస్తుంది: కన్ను చూసినదాన్ని యంత్రం పోగొడితే, దాన్ని తిరిగి తెచ్చిపెట్టడం ఒకటి. కన్ను చూడనే లేనిదాన్ని మెప్పు కోసం అతికించడం మరొకటి. ట్రైప్ మబ్బులు ఈ రెండింటికీ మధ్య గట్టు మీద వున్నాయి. ఒకోసారి అటు జారాయి కూడా. ఆయనంతటివాడు జారాడని మనం కళ్లు మూసుకోనక్కరలేదు.

ఆయనలో నాకు నచ్చని సంగతి ఇంకొకటి వుంది. ఆయన ఫోటోల్లో మనుషులు దాదాపు కనబడరు. చాలాసేపు కెమెరా తెరిచి వుంచవలసి రావడం ఒక కారణం. కాని 1857 తిరుగుబాటు వెంటనే, ఒక సైనికాధికారి తీసిన ఖాళీ కోటలూ ఖాళీ వీధులూ చూస్తుంటే, ఈ దేశం మనుషులు లేకుండా బాగుందని ఎవరో అనుకొన్నట్టు తోస్తుంది. ఎంత అందంగా వున్నా ఆ ఖాళీ నన్ను పూర్తిగా ఒప్పుకోనివ్వదు.

1859లో రెండు తీర్పులు వెలువడ్డాయి. పారిస్‌లో కవి బోదిలేర్, ఫోటోగ్రఫీ శాస్త్రాలకూ కళలకూ దాసిగా వుంటే చాలు, కళనని చెప్పుకోరాదన్నాడు. అదే ఏడు మద్రాసులో గవర్నరు ట్రెవిలియన్, ఇది ప్రభుత్వం భరించలేని విలాసమని ట్రైప్ పని ఆపించాడు. ఒకరికి అది మరీ తక్కువ, మరొకరికి మరీ ఎక్కువ. ఇద్దరూ చూసింది యంత్రాన్నీ దాని ఖర్చునూ. 2014, 2015లలో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ మ్యూజియాలు ట్రైప్ ఫోటోలను గోడలకెక్కించాయి. అక్కడ చూసినవాళ్లలో ఎందరికి రాయకోట ఎక్కడుందో తెలుసునో!

ఇక ఆరో సంపుటం. అమరావతి స్తూపం నుంచి 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడివున్నాయి. 1858లో ట్రైప్ వాటిని ఒక్కొక్కటిగా ఫోటోలు తీశాడు. మరుసటి ఏడాది వాటిలో చాలా భాగం ఓడకెక్కి లండన్ వెళ్లిపోయాయి, ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి. కృష్ణ ఒడ్డు వదిలిన రాళ్లు, సముద్రం దాటబోయే ముందు, పరాయి ఊళ్లో ఎదురుచూస్తున్న క్షణం ఆ ఫోటోల్లో వుంది. తరాలుగా ఇంకో భాష మధ్య కాపురం చేస్తున్న మనకు ఆ విరిగిన ముఖాలు కొంచెం ఎక్కువగానే అర్థమవుతాయి. తీసినవాడికి మన బాధ తెలియదు. కాని ఏ ముక్కనూ చిన్నచూపు చూడకుండా అన్నిటికీ సమానంగా వెలుగు పంచాడు. ఆ శ్రద్ధ చాలు.

సామాను అసలు లెక్కలోకి రాదని నేననడం లేదు. మద్రాసు ఎం. కృష్ణన్ (1912-1996) సంగతి చూడండి. అడవి జంతువుల గురించి స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుంచి చనిపోయేదాకా రాసిన మనిషి. దుకాణంలో దొరికే కెమెరా తన పనికి సరిపోక, వేర్వేరు భాగాలు కూర్చి ఒక బరువైన యంత్రం కట్టుకొని, దానికి సూపర్ పాండరోసా అని పేరు పెట్టుకొన్నాడు. రంగులు వద్దని నలుపు తెలుపులోనే తీశాడు. ఏనుగు తన అడవిలో తన పనిలో వున్నట్టు కనబడాలి, మనకోసం నిలబడ్డట్టు కాదు. ఆ యంత్రం ఆ కోరికలోంచి పుట్టింది. అదే యంత్రం నా చేతికిస్తే నేను ఏనుగును చూసి పారిపోయి వుండేవాణ్ణి.

మా ఇంట్లో ఒక ఫోటో వుంది. మా అవ్వ అరుగు మీద కూర్చొని రాగులు చెరుగుతోంది. ఎవరో బంధువు క్లిక్ త్రీతో తీశాడు. ఆ కెమెరా వేగం తక్కువ. అందుచేత చేట నుంచి ఎగిరిన రాగులు గింజలుగా పడలేదు, బూడిదరంగు చారలా పడ్డాయి. అవ్వ ముఖం మాత్రం కదలలేదు. లోపమే అక్కడ గుణమైంది. కలకత్తాలో పుట్టి, 48వ ఏట కూతురిచ్చిన కెమెరాతో మొదలుపెట్టిన జూలియా మార్గరెట్ కామెరన్ ఫోటోలు మసకగా వున్నాయని ఆనాటి ఫోటోగ్రఫీ పెద్దలు ఈసడించారు. ఆవిడ లెక్కచేయలేదు. మా బంధువు అంతటివాడు కాడు, ఆయనది అదృష్టం. ఒక్క ఫోటో అదృష్టం కొద్దీ రావచ్చు. ఆ అదృష్టాన్ని గుర్తుపట్టి మళ్లీ అక్కడికే వెళ్లేవాణ్ణి కళాకారుడంటాం.

మొన్న మా మనవడు ఆ ఫోటో చూశాడు. వాడి కెమెరా ఖరీదుకు నేను ఆ రోజుల్లో రెండెకరాలు కొనేవాణ్ణి. "తాతా, ఏ కెమెరా?" అన్నాడు. చెప్పాను. నవ్వి, ఫోటో తిప్పి చూశాడు. వెనక పెన్సిలుతో రెండు వరుసలున్నాయి. వాడు తమిళంలో చదువుకొన్నాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. "ఏమి రాసిండారు తాతా?" అన్నాడు. అవ్వ పేరు, ఊరు పేరు, సంవత్సరం, కింద "కొత్త రాగులు" అని చదివి చెప్పాను. వాడు ఫోటోను మళ్లీ ఇటు తిప్పి, ఈసారి చాలాసేపు చూశాడు.

ఆ రెండు వరుసలు లేకున్నా అది మంచి ఫోటోయే. ఏ ఊరివాడికైనా ఆ చార, ఆ ముఖం నచ్చుతాయి. కాని అవి లేకపోతే అవ్వ "ఎవరో ముసలావిడ" అయిపోయేది, అమరావతి రాయి "ఎక్కడిదో శిల్పం" అయినట్టు.

హొగెనకల్ వెళ్లే కుర్రవాళ్లకు ఒక మాట. జలపాతం ఎక్కడికీ పోదు. ఒకసారి దానికి వీపు తిప్పి నిలబడండి. వెనక ఒడ్డున పుట్టి బోర్లించి, వెదురు బద్దలు సరిచేసి తారు పూసే మనిషి వుంటాడు. ఆయన పేరడగండి. ఆయన చేతులు ఎలా కదులుతాయో కాసేపు చూడండి. ఆ తరువాత కెమెరా తీయండి. ఫోటో పత్రికకు పంపేటప్పుడు వెనక తెలుగులో ఆ పేరూ ఊరూ సంవత్సరమూ రాయండి. రాయడం రానివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లచేత రాయించండి. కెమెరా పేరు రాయకపోయినా ఫరవాలేదు.